పెళ్ళిపీటల మీదికి నా మొహంతోనే వస్తాను

విజయవాడ,
మంగళవారం, పార్లరుకి సెలవు.

అమ్మకు, నాన్నకు, మామ్మకు నాంచారి నమస్కారాలు. చెల్లి దేవికి ముద్దులు.

ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకండి. మీరందరూ బాగున్నారనే అనుకుంటున్నాను గానీ, అమ్మా, నీ సంగతి మాత్రం నాకు నమ్మకం లేదు. మొన్న ఫోనులో నీ గొంతు విన్నాను కదా. నాన్న మోకాలి వాపు తగ్గిందా? వేటకి వెళ్తున్నాడా, పడవ ఒడ్డునే ఉందా? మామ్మ కంట్లో చుక్కలు రోజూ వేస్తున్నారా?

దేవీ, నీకు ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరం అమ్మకి మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించు. అక్క బాగుందట అని ఒక్క ముక్కలో తేల్చేయకు. ఎండబెట్టిన చేపలు తిరగెయ్యాలని అమ్మ మధ్యలో లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు. మామ్మకి సగం సంగతులు తెలియవు కాబట్టి అన్నీ మొదటినుంచి రాస్తున్నాను. తెలిసినవాళ్ళు విసుక్కోవద్దు.

అమ్మా, మొన్న కిరాణా కొట్టు ఫోనులో నువ్వన్న మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. "నా నలుపు నీకొచ్చిందే. పెళ్ళి రోజైనా అది కనపడకుండా తెల్లగా చేయించుకో. సాంబ వాళ్ళమ్మకి నేను మాటిచ్చాను. నేనెలాగూ వీడియో ముందుకి రాను, వెనక వంటల దగ్గరుంటాను" అన్నావు. తర్వాత ఏడ్చావు. నేను జవాబు చెప్పేలోపే లైను పోయింది. మళ్ళీ చేస్తే కొట్టాయన నువ్వు వెళ్ళిపోయావన్నాడు. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నేను తెల్లగా చేయించుకోను. నువ్వు వంటల దగ్గర ఉండవు. ఎందుకో కింద వివరంగా రాస్తాను, కోపం తెచ్చుకోకుండా వినండి. కోపం వచ్చినా సరే వినండి.

ముందు ఇక్కడి సంగతులు. ఉగాది ఇంకా రానేలేదు, అప్పుడే ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నం రోడ్డు దాటితే తారు చెప్పులకి అంటుకుంటోంది. మనకైతే సాయంత్రానికి సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. ఇక్కడ సాయంత్రం గాలి కూడా కొండలకి తగిలి వేడెక్కి వస్తుంది. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం, ఫ్యాను ఒకటే, అది కూడా తలుపు దగ్గర మంచానికే తగులుతుంది. పోట్లాడి ఆ మంచం నేను తీసుకున్నాను, కాబట్టి నాకు చెమట పోస్తుందని దిగులు పడకండి.

భోజనం హాస్టల్లోనే. రోజూ సాంబారే. ఉండబట్టలేక మొన్న కర్రీ పాయింట్‌లో చేపల పులుసు కొని తెచ్చుకున్నాను. ఏటి చేప. పులుసులో చింతపండు తప్ప మరో రుచి లేదు. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాను. నువ్వు గుర్తొచ్చి కాదు, నిజంగానే బాగాలేక. కాదులే, నువ్వు గుర్తొచ్చే. సెలవురోజు గదిలో మిగతావాళ్ళు ఊళ్ళకి పోతే నాకు తోచదు. అలాంటప్పుడు కృష్ణ ఒడ్డుకి వెళ్ళి కూర్చుంటాను. నీళ్ళు చూస్తే కాస్త నయంగా ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు, నెత్తళ్ళు పంపు. ఈసారి గట్టిగా మూట కట్టించు. పోయినసారి బస్సంతా వాసన వస్తోందని తెచ్చినాయన్ని కండక్టరు ఉయ్యూరులోనే దింపేస్తానన్నాడట.

పార్లరులో పని బాగుంది. మేడంగారు నన్ను బాగానే చూసుకుంటున్నారు. కస్టమర్ల కోసమని మాత్రం నాన్సీ అని పిలుస్తారు, నాంచారి అంటే వాళ్ళకి నోరు తిరగదట. తిరక్కపోవడానికి అందులో ఏముందో నాకు తెలియదు. సరే, జీతమిచ్చే చోట నాన్సీనే అనుకున్నాను. ఆవిడ నాకు పని నేర్పారు, అది నేను మరిచిపోను. కానీ పెళ్ళికూతుళ్ళ విషయంలో ఆవిడకి ఒక పద్ధతి ఉంది. కుర్చీలో ఎవరు కూర్చున్నా మొహానికి రాసే రంగుల్లో ఒకటే సీసా తీస్తారు, అన్నిటికంటే తెల్లటిది. ఎర్రటి పిల్లకీ అదే, చామనఛాయకీ అదే. నాలాంటి పిల్లకయితే ఒక పూతకి రెండు పూతలు. బీరువాలో ముదురు రంగు సీసాలు కూడా ఉన్నాయి, మూత తీసిన పాపాన ఎవరూ పోలేదు. మేడంగారొక్కరి తప్పు కూడా కాదు. పిల్లల్ని తీసుకొచ్చే తల్లులే, గుర్తుపట్టలేనంత తెల్లగా చెయ్యండమ్మా అంటారు. అమ్మా, నువ్వూ వాళ్ళలో చేరావు.

మాఘమాసంలో ఉయ్యూరు దగ్గర ఒక చెరుకు రైతు ఇంటి పెళ్ళికి మేడంగారితో వెళ్ళాను. ఆ పెళ్ళి చూశాకే నా మనసు గట్టిపడింది, అందుకే చెబుతున్నాను. పెళ్ళికూతురు కళగల పిల్ల, మన దేవి ఛాయ ఉంటుంది. మేం వెళ్ళేసరికి వాళ్ళ పిన్నులూ అత్తలూ పిల్లకి నలుగు పెట్టేశారు. మొహానికి పసుపు దట్టంగా రాసి, సున్నిపిండితో రుద్ది, నీళ్ళు పోసి పంపారు. నలుగు పెట్టామని ఎవరూ మాకు చెప్పలేదు. పెళ్ళింట్లో అది చెప్పుకునే సంగతి కాదు కదా. ఇంతలో మగపెళ్ళివారి తరఫున ఎవరో వచ్చి, పిల్ల ఇంకాస్త తెల్లగా రావాలి అని చెప్పిపోయారు. మేడంగారు హడావిడిగా బ్లీచ్ కలిపి మొహానికి రాశారు. కాసేపటికి పిల్ల మంట అంది. తుడిచి చూస్తే బుగ్గలు, నుదురు, గడ్డం మచ్చలు మచ్చలుగా ఎర్రబడి ఉన్నాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా తయారవుతుంది చూడు, ఆ ఎరుపు. చర్మంలో మిగిలిన పసుపు మీద ఆ మందు పడి అలా అయింది. అప్పటికి ఆ సంగతి మాకెవరికీ తెలియదు. కాళ్ళకి పెట్టాల్సిన పారాణి మొహానికెక్కింది.

ముహూర్తం దగ్గర పడుతోంది. చన్నీళ్ళు కొట్టి, ఆ ఎరుపు కప్పడానికి ఒకదాని మీద ఒకటి పూతలు వేశారు. మొహం తెల్లగా వచ్చింది, చేతులు చేతుల రంగులోనే ఉన్నాయి. వీడియో లైట్ల వేడికి చెమట పడుతుంటే నేను పక్కనే కూర్చుని స్పాంజితో అద్దుతూనే ఉన్నాను. మేడంగారు పిల్ల చెవిలో ఒక మాట చెప్పారు, ఏడవద్దమ్మా, చారలు పడతాయి అని. అప్పగింతలు వచ్చాయి. చేతులు పాలల్లో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే చుట్టూ ఆడవాళ్ళందరూ ఏడుస్తున్నారు. ఆ పిల్ల మాత్రం తల పైకెత్తి, కన్నీళ్ళు కిందికి జారకుండా పందిరి కప్పు చూస్తూ నిలబడింది. వాళ్ళమ్మ నా పక్కకి వచ్చి, "నా కూతురికి ఏడుపు కూడా రాలేదమ్మా, పుట్టింటి మీద అంత మనసు విరిగిందా" అంది. నేనేం చెప్పను? పూత కోసమని చెబితే ఇంకా బాధపడుతుందని నోరు మూసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కారులో నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల తల్లిని పట్టుకుని ఏడవడానికి కూడా పనికిరాని మొహం ఎందుకు?

ఇక నా సంగతి. సాంబతో సంబంధం కుదిరిందని తెలిసి మేడంగారు చాలా సంతోషించారు. మామ్మా, సాంబ అంటే నాకు కాబోయే ఆయన. బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. వాళ్ళది ఇక్కడే కృష్ణ ఒడ్డున రాణిగారితోట. వాళ్ళ నాన్న ఏట్లో వల వేసేవాడు, మనవాళ్ళే. పెళ్ళిచూపుల్లో సాంబ నన్ను చూసి తల కూడా వంచుకోలేదు, సూటిగానే చూసి నవ్వాడు. పేచీ అంతా వాళ్ళమ్మది. పెద్దకోడలు తెల్లగా ఉంటుంది, ఇద్దరినీ పక్కపక్కన చూసి చుట్టాలు నవ్వుతారు, పార్లర్ పిల్లే కాబట్టి పెళ్ళిలో తెల్లగా కనపడాలి అంది. దానికి, అమ్మా, నువ్వు అలాగేనని మాటిచ్చేశావు. నన్నొక్క మాట అడగలేదు.

మేడంగారు నా పెళ్ళికి మేకప్ తన బహుమతి అన్నారు. కారులో మన ఊరొచ్చి చేస్తానన్నారు. ముందు ఒకసారి వేసి చూద్దామని నన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. మాకు పని నేర్పేటప్పుడు ఒక పద్ధతి ఉంది. మాలో ఒకరికి మొహం కుడి సగం మేడంగారు చేస్తారు, ఎడమ సగం మేం దాన్ని చూసి అచ్చు అలాగే చెయ్యాలి. ఆ రోజూ అలాగే కుడి సగం ఆవిడ చేసి, ఎడమ పక్క నువ్వు చేసుకో నాన్సీ అన్నారు. కుడి పక్క ఆ తెల్ల సీసాయే. నేను లేచి ముదురు సీసాలు రెండు తీసి అరచేతి వెనక కలిపాను. రంగు చేతి మీద చూసి సరిపెట్టుకోకూడదమ్మా, చేతికీ మొహానికీ ఛాయ తేడా ఉంటుంది. దవడ కింద, మెడ మొదట్లో కాస్త రాసి, ట్యూబులైటు కింద కాకుండా గుమ్మంలోకి వెళ్ళి పగటి వెలుగులో చూసుకున్నాను. రంగు చర్మంలో కలిసిపోయి కనపడకుండా పోయింది. అదే నా రంగు. పల్చగా రాసి, కన్ను నిండా కాటుక పెట్టి, పెదవి ఎడమ సగానికి ముదురు కుంకుమ రంగు వేశాను.

మేడంగారు చాలాసేపు చూశారు. "బాగానే ఉంది గానీ ఇది పెళ్ళికి కాదు నాన్సీ. పెళ్ళికూతురంటే ఫెయిర్‌గా ఉండాలి. ఆల్బం నీ పిల్లల దాకా ఉంటుంది" అన్నారు.

"అందుకేనండీ. నా పిల్లలు ఆల్బం తీసి ఈవిడెవరని నన్నే అడగకూడదు కదండీ" అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. నాతో మాట్లాడకుండా సామాను సర్దుకున్నారు. నేనూ ఊరుకోలేదు. మొహం కడుక్కోకుండా చున్నీ చుట్టుకుని తిన్నగా రాణిగారితోట ఆటో ఎక్కాను. పెళ్ళి కాకుండా అత్తవారింటికి వెళ్ళిందని నువ్వు గుండె బాదుకుంటావని తెలుసు. బాదుకో, కానీ మిగతాది విను.

అత్తయ్యగారు గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నేను ఎదురుగా కింద కూర్చుని చున్నీ తీశాను. ఆవిడ ఒక్కసారి వెనక్కి జరిగారు. "అత్తయ్యగారూ, ఈ పక్క మీరడిగిన కోడలు, ఈ పక్క నేను. పీటల మీద మీవాడి పక్కన ఎవరు కూర్చోవాలో మీరే చెప్పండి" అన్నాను.

ఆవిడ నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పారు, అటు తిప్పారు. చేపని చూసినట్టు చూశారు, నాకు నవ్వొచ్చింది కూడా. చివరికి, "ఈ పక్క చూస్తే నాకే భయం వేస్తంది. ఆ పక్క చూస్తే మావోళ్ళు ఏమంటారోనని భయం వేస్తంది" అన్నారు.

"మొదటి భయం కడిగేస్తే పోతుందండీ. రెండోది పెళ్ళి రోజు తప్పించుకున్నా మర్నాడు వచ్చేదే. తెల్లారితే నేను ఈ మొహంతోనే మీ వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడాలి కదా" అన్నాను.

అంతలో సాంబ డ్యూటీ దిగి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయి, విషయమంతా విని, గ్యారేజీలో మేం గ్రీజుకి కిరోసిన్ వాడతాం, తెమ్మంటావా అన్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి నాలుగు తిట్టి, లోపలికి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టారు. నేను తుడుచుకుంటుంటే ఆవిడ మళ్ళీ గింజలు తీస్తూ, నా వైపు చూడకుండా, "నాకు మాటిచ్చింది మీ అమ్మ. ఆ మాట వెనక్కి తీసుకుంటే ఆవిడే తీసుకోవాల. పిల్లవి నువ్వొచ్చి చెబితే కాదు" అన్నారు. అది న్యాయమే అనిపించింది. ఆవిడ ఒప్పుకున్నాననలేదు, ఒప్పుకోననీ అనలేదు. కాఫీ మాత్రం ఇచ్చారు.

నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు సాంబ అడిగాడు, మీ అమ్మగారు కాదంటే ఏం చేస్తావని. పీటల మీద కూర్చోను అన్నాను. అతను, అయితే మీ అమ్మగారికి బాగా అర్థమయ్యేలా రాయి, నాకు పెళ్ళి కావాలి అన్నాడు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. మేడంగారు కూడా రెండు రోజులు ముఖం మాడ్చుకుని, నిన్న ఆ ముదురు సీసాలు రెండూ నా సంచిలో పెట్టి, నీ పెళ్ళికి నువ్వే వేసుకో, నేను అక్షింతలకి వస్తాను అన్నారు.

ఇప్పుడు నా పెళ్ళికి నేనెలా ఉంటానో రాస్తున్నాను. దేవీ, ఈ ముక్క రెండుసార్లు చదువు. నలుగు అమ్మే పెట్టాలి, పసుపు తగ్గించకూడదు. దాని తర్వాత మొహానికి బ్లీచ్ గానీ తెల్ల క్రీము గానీ ఏదీ రాయకూడదు. వైశాఖం ఎండలో మన పందిట్లో మందంగా పూసింది ఏదీ నిలవదు, కాబట్టి నా రంగే, పల్చగా. కన్ను నిండా కాటుక. పెదవులకి ముదురు రంగు, గులాబీరంగు నా మొహం మీద సుద్దలా తేలిపోతుంది. నుదుట కల్యాణ తిలకం పెద్దగా. చీర మంగళగిరి వెళ్ళి నేనే తెచ్చుకున్నాను, ముదురు పసుపుకి మెరూన్ అంచు. కొట్లో లేత రంగులే చూపించారు, నల్లవాళ్ళకి అవే బాగుంటాయట. నేను ఒక్కొక్కటీ గడ్డం కింద పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూసుకున్నాను. ముదురు పసుపు పెట్టుకోగానే మొహానికి వెలుగొచ్చింది. బుగ్గచుక్క కూడా కావాలి. నల్లపిల్లకి బుగ్గచుక్క ఎక్కడ కనపడుతుందని పిన్ని ఒకసారి నవ్వింది. కనపడకపోయినా పెట్టండి, నాకూ దిష్టి తగులుతుంది. అప్పగింతల్లో ఎంత ఏడుపొస్తే అంతా ఏడుస్తాను.

అమ్మా, ఉగాది వెళ్ళాక వాళ్ళు లగ్నపత్రిక రాసుకోవడానికి మనింటికి వస్తారు. అప్పుడు నువ్వు నాన్న వెనక నిలబడకు. అందరి ముందూ నువ్వే చెప్పాలి, "నేనిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా పిల్లది నా రంగు. ఈ రంగుతోనే పీటల మీద కూర్చుంటుంది" అని. నాన్నతో చెప్పించకు. అవనిగడ్డ బజార్లో గంప దించి నువ్వు చేప ధర చెబితే మారు మాట్లాడిన వాళ్ళని నేను చూడలేదు. అంత గొంతున్న దానివి, కూతురి పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గర దాక్కుంటావా? వీడియోలో నువ్వు నా పక్కనే ఉండాలి, మంచి చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని. నువ్వు లేని ఫోటో ఒక్కటి కూడా నాకొద్దు.

బెదిరిస్తున్నానని అనుకోకు. నువ్వు ఫోనులో, నా నలుపు నీకొచ్చిందే అని, తప్పు చేసినదానిలా అన్నావు. ఆ మాట నాకు అత్తయ్యగారు అన్నవాటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. నువ్వు నాకేం అన్యాయం చేశావని? చిన్నప్పటినుంచి ఊళ్ళో ఎవరు కనపడినా అచ్చు మీ అమ్మే అంటే నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడు దాన్ని తుడిచేసుకుని ఎవరికోసమో కూర్చోమంటే నా వల్ల కాదు.

నాన్నకి, మామ్మకి పాదాభివందనాలు. పిన్నికి, బాబాయికి, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. దేవిని బాగా చదువుకోమను. లగ్నపత్రిక రోజు నువ్వేం చెప్పావో దేవి చేత ఒక్క కార్డు ముక్క రాయించు. నీ చెయ్యి నా తల మీద పెట్టినట్టు అనుకుని ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
అచ్చు నీలాగే ఉండే నీ పెద్దకూతురు,
నాంచారి